తెరేజమ్మ ఇంటి మెట్లు



మీ విచారణ గుడిలో ఏదో ఒక పక్క ఆ స్వరూపం ఉండే ఉంటుంది. గోధుమరంగు అంగీ, దానిమీద తెల్లని వస్త్రం, తలపై నల్లని ముసుగు, చేతుల్లో సిలువ, ఆ సిలువను దాదాపు కప్పేస్తూ గులాబీలు. చిన్న తెరేజమ్మ. అక్టోబరు 1వ తేదీన ఆమె పండుగ. ఆ రోజు పూలదండ వేస్తాం, కొవ్వొత్తి వెలిగిస్తాం, మన ఇళ్లలోని తెరేజలకు శుభాకాంక్షలు చెబుతాం. అయితే ఆ గులాబీల వెనకనున్న మనిషి మనకు సరిగా కనబడదని నాకెప్పుడూ అనిపిస్తుంది. అంత నున్నని ముఖం చూసి, ఈమె ఏనాడూ ఇంటి కష్టం ఎరగదనుకుంటాం.

ఎరుగును. మీకన్నా నాకన్నా ఎక్కువే ఎరుగును.

24 ఏళ్లకే కన్నుమూసింది. బడి కట్టలేదు, ఆసుపత్రి పెట్టలేదు. ఒకసారి రోముకు వెళ్లి రావడం తప్పిస్తే చెప్పుకోదగ్గ దూరప్రయాణం లేదు. చివరి తొమ్మిదేళ్లు ఫ్రాన్సు దేశంలో ఒక చిన్న పట్టణపు కార్మెల్ మఠంలో, కటకటాల వెనక గడిచిపోయాయి. అలాంటి అమ్మాయిని 1925లో పునీతురాలిగా ప్రకటించారు. 1927లో వేదవ్యాపక దేశాలకు పాలక పునీతురాలిని చేశారు. 1997లో రెండవ జాన్ పౌల్ పోపుగారు శ్రీసభ పండితుల వరుసలో చేర్చారు. ఏ వేదాంత కళాశాలకూ వెళ్లని ఈ పండితురాలికి పాఠాలు ఎక్కడివి? ముందు ఇంట్లోవి. మెట్లమీద, పొయ్యి దగ్గర, తోటలో, వాన వస్తే వానలో, మంచు పడితే మంచులో నేర్చినవి. ఆ ఇల్లు మనం ఊహించుకునేంత ప్రశాంతమైన ఇల్లు కాదు. ఈ వారం ఆ ఇంటి సంగతే చెప్పుకుందాం.

నార్మండీ ప్రాంతంలో అలాన్సోన్ అనే ఊరు. తండ్రి లూయీ మార్టిన్ గడియారాలు బాగుచేసేవారు, నగల దుకాణం నడిపేవారు. తల్లి జెలీ లేసు పని చేసేవారు, చేయించేవారు. మన నర్సాపురం వైపు ఆడవాళ్లు ఇంటి అరుగుమీద కూర్చుని లేసు అల్లడం మీరు చూసే ఉంటారు. మనవాళ్లది కొక్కెం సూదితో అల్లే పని. అలాన్సోన్ లేసు మామూలు సూదీ దారంతో కుట్టేది. అయినా పద్ధతి ఒకటే. ఎవరి ఇంట్లో వాళ్లు ఒక్కొక్క ముక్క చేసి తెస్తారు. వాటిని కనబడకుండా కలిపి కుట్టడం జెలీగారి పని. కళ్లు కాయలు కాచే పని అది.

వీరిద్దరూ పెళ్లికి ముందు వేరువేరుగా దేవుని ఇంట చేరాలనుకున్నవారే. లూయీగారు ఆల్ప్స్ కొండల్లోని మఠానికి వెళితే, లాటిను రాదని తిప్పి పంపారు. జెలీగారిని కన్యస్త్రీలు చేర్చుకోలేదు. 1858 జూలైలో వీరికి పెళ్లయింది. తొమ్మిదిమంది పిల్లలు పుట్టారు. వారిలో నలుగురు చిన్నతనంలోనే పోయారు. ఇద్దరు మగబిడ్డలు, ఇద్దరు ఆడబిడ్డలు. ఒక పిల్లకు అప్పటికి అయిదేళ్లు. నాలుగు చిన్న శవపేటికలు దాటిన గడప అది. ఆ ఇంట్లో అందరికన్నా చివర, 1873 జనవరి 2న, నడిచలికాలంలో మన తెరేజ పుట్టింది.

పుట్టిన కొన్ని వారాలకే ఈ పాపా చేజారిపోయేలా కనిపించింది. తల్లికి పాలు లేవు. సెమలే అనే పల్లెలో ఉన్న రోజ్ అనే రైతు భార్య దగ్గర పాలకు విడిచిపెట్టారు. ఆవుల మధ్య, పొలం గట్లమీద, ఎండా గాలీ తగిలి పాప కోలుకుంది. ఏడాది పైనే అక్కడ పెరిగింది. అమ్మ దగ్గరకు తెచ్చినప్పుడు, లేసు కొనడానికి వచ్చిన పెద్దింటి ఆడవాళ్ల టోపీలు చూసి జడుసుకుని ఏడ్చేది. మళ్లీ సంతలో వెన్న అమ్ముకుంటున్న రోజ్ ఒడిలో వేస్తే ఊరుకునేది. తల్లిగారికి ఇది చూసి నవ్వూ వచ్చేది, కాస్త బాధా కలిగి ఉండాలి.

ఇంటికి వచ్చాక జరిగిన సంగతి ఒకటుంది. జెలీగారు తన ఉత్తరాల్లో రాసుకున్నారు. మూడేళ్లు కూడా నిండని ఈ పాప మెట్లెక్కుతూ ప్రతి మెట్టుమీదా ఆగి అమ్మను పిలిచేది. ఎన్ని మెట్లో అన్ని పిలుపులు. తల్లి ఒక్కసారి పలకడం మరచిపోతే చాలు, ఆ మెట్టుమీదే నిలబడిపోయేది. పైకీ వెళ్లదు, కిందికీ దిగదు. పిల్లలున్న ఇంట్లో ఇది వింతేమీ కాదు. చేతినిండా పనున్న తల్లికి విసుగు కూడా. ఈ మెట్లను గుర్తుంచుకోండి.

1877 ఆగస్టు 28న ఆ పిలుపుకు పలికే మనిషి పోయింది. జెలీగారికి రొమ్ము క్యాన్సరు. జూన్‌లో ముగ్గురు పెద్ద కూతుళ్లను వెంటబెట్టుకుని లూర్దు వెళ్లి వచ్చారు. స్వస్థత దొరకలేదు. మనం లూర్దుమాత అద్భుతాలనే చెప్పుకుంటాం గానీ, అక్కడి నీటిలో మునిగి వచ్చి రెండు నెలలకు చనిపోయిన ఈ తల్లి కూడా ఇప్పుడు పీఠాల మీద ఉన్న పునీతురాలే. తెరేజకు అప్పటికి నాలుగున్నరేళ్లు. నడవలో నిలబెట్టిన పేటిక తనకన్నా ఎత్తుగా ఉందనీ, తల పైకెత్తి చూడవలసి వచ్చిందనీ ఆమెకు పెద్దయ్యాక కూడా గుర్తుంది. సమాధి చేసి వచ్చిన రోజున అక్క సెలీన్ పెద్దక్క మరీని అమ్మగా ఎంచుకుంది. తెరేజ రెండో అక్క పోలిన్ మెడను కావలించుకుంది.

ఆ నవంబరులో తండ్రి పిల్లలతో లిసియు పట్టణానికి మారారు. భార్య తమ్ముడు అక్కడ మందుల దుకాణం నడిపేవాడు. తోట మధ్యలో ఇల్లు. ఇక్కడే పాపకు ఋతువులు పరిచయమయ్యాయి. ఎండాకాలం తండ్రి చేపలు పట్టడానికి వెళుతూ వెంట తీసుకుపోయేవారు. ఆయన గాలం వేస్తే ఆమె గడ్డిపూల మధ్య కూర్చునేది. ఒకసారి పెద్ద ఉరుములతో గాలివాన పట్టుకుంది. పక్క పొలంలోనే పిడుగు పడింది. ఆమెకు భయం వేయలేదట. దేవుడు బాగా దగ్గరికి వచ్చాడనిపించిందట. తడిసిన గడ్డి పాపకన్నా ఎత్తుగా ఉంటే, తండ్రి గాలపు కర్రలతో పాటు ఆమెనూ వీపుమీద వేసుకుని ఇంటికి చేర్చారు. రాత్రి ఇంటికి నడుస్తూ ఆమె తండ్రి చేయి పట్టుకుని, దారి చూడకుండా తల వెనక్కి వాల్చి నక్షత్రాలు చూసేది. దారి చూసే పని నాన్నది.

చలికాలపు సాయంత్రాలు వేరు. పొయ్యి దగ్గర అక్కలు దైవార్చన సంవత్సరాన్ని వివరించే పుస్తకం చదివేవారు. ఆగమన కాలం, తపస్కాలం, పాస్కా కాలం గుడిలో మారకముందే ఆ ఇంట్లో మారేవి. చదువు అయ్యాక తండ్రి ఆమెను మోకాళ్లమీద కూర్చోబెట్టుకుని పాటలు పాడేవారు. తర్వాత కుటుంబ ప్రార్థన. ప్రార్థన ఎలా చేయాలో తెలుసుకోవడానికి ఆమె పుస్తకం చూడలేదు, తండ్రి ముఖం చూసింది.

ఇంతవరకు విని, చక్కని కుటుంబం అనుకుంటున్నారు కదూ? ఒక్కొక్కరే వెళ్లిపోవడం మొదలైంది. 1882 అక్టోబరులో పోలిన్ కార్మెల్ మఠంలో చేరింది. తల్లిని రెండోసారి పోగొట్టుకున్నట్టయింది చెల్లెలికి. మరుసటి వసంతకాలంలో వింత జబ్బుచేసి వారాలపాటు మంచాన పడింది. 1883 మే 13న, పెంతెకోస్తు పండుగ నాడు, మంచం పక్కనున్న మరియమాత స్వరూపం తనవైపు చూసి చిరునవ్వు నవ్విందని చెప్పి లేచింది. జబ్బు పోయింది గానీ, మాటమాటకూ కన్నీళ్లు పెట్టుకునే గుణం పోలేదు. ఏడ్చేది. ఏడ్చినందుకు మళ్లీ ఏడ్చేది. ఇది ఆమె తానే ఒప్పుకున్నది.

ఆ గుణం 1886 క్రిస్మస్ రాత్రి పోయింది. అది కూడా మెట్లమీదే. ఆ దేశంలో పిల్లలు పొయ్యి దగ్గర తమ బూట్లు పెడతారు, పెద్దలు వాటిలో కానుకలు ఉంచుతారు. తెరేజకు పద్నాలుగు నిండబోతున్నా చివరి పిల్ల కదా అని ఆ ముచ్చట ఇంకా సాగుతోంది. అర్ధరాత్రి పూజ నుంచి వచ్చి, టోపీ తీయడానికి ఆమె పైకి వెళుతోంది. కింద తండ్రి అలసిపోయి ఉన్నారు. ఈ చిన్నపిల్లల వేడుక ఈ ఏటితో సరి, అదే నయం అన్న అర్థం వచ్చే మాట ఒకటి విసుగ్గా అన్నారు. అది ఆమె చెవిన పడింది. సెలీన్ భయపడి, ఇప్పుడే కిందికి దిగవద్దని బతిమాలింది. తెరేజ కళ్లనీళ్లు మింగుకుంది. గుండె దడదడలాడుతుండగా మెట్లు దిగింది. బూట్లు తీసుకుని, ఒక్కొక్క కానుకా సంతోషంగా విప్పి చూపించింది. తండ్రి ముఖం విప్పారింది, ఆయన కూడా నవ్వారు. అంతే జరిగింది. ఎవరూ గమనించని ఈ రాత్రినే ఆమె తన మారుమనసు అని రాసుకుంది. పశువులపాకలో పసిబిడ్డగా పుట్టిన ప్రభువు తనను పసితనం నుంచి బయటికి తీశాడని ఆమె నమ్మకం. పండుగనాడు అలసిన ఇంటాయన ఒక మాట తూలడం, అది పిల్లల మనసులో గుచ్చుకోవడం మన ఇళ్లలోనూ కొత్త కాదు.

1887 పెంతెకోస్తు నాటి సాయంత్రం, తోటలో, తాను మఠంలో చేరతానని ఆమె తండ్రితో చెప్పింది. ఆయనకు నెల కిందటే మొదటి పక్షవాతపు దెబ్బ తగిలి ఉంది. కళ్లనీళ్లతోనే ఒప్పుకున్నారు. గోడ పక్కకు వెళ్లి, ఒక చిన్న తెల్లని పువ్వును కోసి ఆమె చేతికిచ్చారు. అది వేళ్లతో సహా ఊడి వచ్చింది. వేరే నేలలో బతకడానికి సిద్ధంగా ఉన్నట్టుందని ఆమెకు తోచింది. ఆ పువ్వును తన పుస్తకంలో దాచుకుంది. వయసు చాలదని పెద్దలు అడ్డుచెబితే, ఆ నవంబరులో రోములో పదమూడవ లియో పోపుగారి పాదాల దగ్గర మోకరించి అడిగింది. చివరకు 1888 ఏప్రిల్ 9న, పదిహేనేళ్ల వయసులో, మఠం తలుపు దాటింది. తండ్రి మోకరించి దీవించి పంపారు.

ఇప్పుడు అసలు కష్టానికి వద్దాం.

మూడు నెలలైనా తిరగకుండానే మార్టిన్ గారు ఇంటినుంచి మాయమయ్యారు. నాలుగు రోజుల తర్వాత లె హావ్ర్ అనే రేవుపట్టణంలో దొరికారు. మతి తప్పడం మొదలైంది. మధ్యమధ్య కుదుటపడేవారు. 1889 జనవరి 10న తెరేజ కన్యస్త్రీ అంగీ ధరించే రోజుకు అలా కుదుటపడి వచ్చారు. తెల్లని మఖ్మలు బట్టల్లో ఉన్న చిన్నకూతురిని తన చేయిపట్టి నడిపించారు. తెరేజకు పసితనం నుంచి మంచు అంటే ఇష్టం. మన సంక్రాంతి ఉదయాల పొగమంచు కాదు, దూదిలా రాలి నేలను కప్పేసే మంచు. ఆ రోజు కూడా పడాలని కోరుకుంది. వాతావరణం వెచ్చగా ఉంది, ఆశలేదు. వేడుక ముగిసి లోపలికి అడుగుపెట్టేసరికి మఠం ముంగిలి అంతా తెల్లగా పరుచుకుని ఉంది. పెండ్లికుమారుడైన క్రీస్తు ఇచ్చిన కానుక అనుకుంది.

తండ్రి పాల్గొన్న చివరి వేడుక అదే. నెల తర్వాత ఆయనకు యుద్ధం జరుగుతున్నట్టు భ్రమ కలిగింది. కూతుళ్లను కాపాడాలని తుపాకీ చేతబట్టారు. ఫిబ్రవరి 12న ఆయనను కాన్ పట్టణంలోని పిచ్చాసుపత్రికి తీసుకువెళ్లారు. మూడేళ్లకు పైగా అక్కడే ఉన్నారు. లిసియులో జనం ఊరుకుంటారా? కూతుళ్లంతా ఒకరి తర్వాత ఒకరు మఠంలో చేరి తండ్రి బుర్ర పాడుచేశారన్నారు. ముఖ్యంగా ఆ చివరి పిల్ల అన్నారు. ఆ మాటలు మఠం గోడలు దాటి లోపలికీ వచ్చాయి. పదహారేళ్ల పిల్ల వాటిని విన్నది. వెళ్లి తండ్రిని చూసే వీలు లేదు. 1890 సెప్టెంబరులో నల్లముసుగు ధరించే రోజున ఆయన రాలేకపోతే, అందరి ముందూ కన్నీళ్లు ఆపుకోలేకపోయింది.

పాఠకులారా, మీలో కొందరి ఇళ్లలో ఇలాంటి తండ్రి, ఇలాంటి అత్తగారు ఉండవచ్చు. పేరు పెట్టి పిలిచిన కొడుకునే నువ్వెవరని అడుగుతారు. అర్ధరాత్రి తలుపు తీసుకుని వీధిలోకి వెళ్లిపోతారు. చుట్టాలు వచ్చినప్పుడు ఆ పెద్దమనిషిని వెనకగదిలో ఉంచి తలుపు దగ్గరగా వేసే ఇళ్లు చూశాను. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ఆ తలుపు వేసే చేతులు వణకడం కూడా చూశాను. దేవుడు మాకే ఎందుకిలా చేశాడని వాళ్లు అడిగితే, నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబులేవీ పనికిరాలేదు.

తెరేజ కూడా జవాబు చెప్పలేదు. ఒక పేరు పెట్టుకుంది. అంగీ ధరించిన నాటినుంచి ఆమె సంతకంలో బాల యేసు పేరుతో పాటు ప్రభువు తిరుముఖం పేరు కూడా చేరింది. సిలువదారిలో ఉమ్ములు పడి, రక్తం కారి, గుర్తుపట్టరాకుండా మారిన ముఖం అది. చిన్నప్పుడు ఆరేడేళ్ల వయసులో, తండ్రి ఊరిలో లేని ఒక మధ్యాహ్నం, ఆయనలాంటి మనిషే వంగిపోయి, ముఖానికి ముసుగు కప్పుకుని తోటలో నడుస్తున్నట్టు చూసి కేక పెట్టింది. వెతికితే ఎవరూ లేరు. ఆ దృశ్యం ఏమిటో ఇప్పుడు ఆమెకు అర్థమైంది. గుడిలో ప్రభువు ముఖాన్ని చూసి తండ్రిని ఓదార్చుకోవడం కాదు ఆమె చేసినది. చితికిపోయిన తండ్రి ముఖంలో ప్రభువును గుర్తుపట్టింది. ఆ మూడేళ్లను తమ కుటుంబానికి దక్కిన సిరిగా తర్వాత లెక్కపెట్టుకుంది. ఇది చెప్పడం తేలిక, ఆమెకు అది తేలికగా వచ్చిందని మాత్రం అనుకోకండి.

1892 మేలో కాళ్లు పడిపోయిన మార్టిన్ గారిని ఇంటికి తెచ్చారు. చక్రాల కుర్చీలో మఠానికి వచ్చి కూతుళ్లను ఒక్కసారి చూశారు. సెలవు తీసుకునేటప్పుడు వేలు పైకెత్తి, ఇక పరలోకంలోనేనని ఎలాగో చెప్పగలిగారు. 1894 జూలై 29న చనిపోయేదాకా సెలీన్ ఆయన పక్కనే ఉండి అన్నీ తానై చూసుకుంది. తర్వాతే మఠంలో చేరింది. 2015 అక్టోబరు 18న ఫ్రాన్సిస్ పోపుగారు లూయీ, జెలీ దంపతులను ఒకే రోజున పునీతులుగా ప్రకటించారు. మతి తప్పి ఆసుపత్రిలో మూడేళ్లున్న మనిషి ఈయనేనని ఆ పండుగనాడు ఎంతమంది తలచుకున్నారో.

మఠంలో తెరేజ చేసినవి చిన్న పనులు. బట్టలు ఉతకడం, గుడి ఊడవడం, ముసలి కన్యస్త్రీని భోజనశాలకు నడిపించడం. ఆ ముసలామెకు ఏం చేసినా నచ్చేది కాదు. త్వరగా నడిపితే పడేస్తావంటుంది, నెమ్మదిగా నడిపితే పట్టుకోలేదంటుంది. ఒక్క గదిలోనే నిప్పు వేసే ఆ మఠంలో చలి ఆమెను ఎముకల్లోకి కొరికేది. ఎవరికీ చెప్పలేదు. మదర్‌గా ఉన్న పోలిన్ ఆజ్ఞ మీద 1895లో చిన్ననాటి సంగతులు నోటు పుస్తకాల్లో రాసింది. మనకు ఇన్ని వివరాలు తెలిసింది అలాగే.

కొత్తగా చేరిన కన్యస్త్రీలకు పాఠం చెప్పవలసి వస్తే ఆమె మళ్లీ మెట్ల దగ్గరికే వెళ్లింది. మెట్ల కింద నిలబడిన పసిపిల్ల మొదటి మెట్టెక్కాలని కాలెత్తుతుంది, అందదు. మళ్లీ ఎత్తుతుంది. ఎక్కడం ఆ పిల్లవల్ల కాదు. ఎత్తడం మానకపోవడమే ఆమె పని. పైనున్న తండ్రి చూసి చూసి, ఉండలేక తానే దిగివచ్చి ఎత్తుకుపోతాడు. పెద్దింటివారి ఇళ్లలో కొత్తగా వచ్చిన లిఫ్టును కూడా ఇందుకే వాడుకుంది. తనను ఎత్తే లిఫ్టు యేసు చేతులేనని రాసింది. ఆమె చిన్నమార్గం అని ఈనాడు గ్రంథాలు రాస్తున్నది దీని గురించే.

1896 పవిత్ర శుక్రవారపు తెల్లవారుజామున నోటివెంట రక్తం పడింది. క్షయ. బయట వసంతం, చెట్లు చిగురిస్తున్నాయి. కొద్ది రోజులకే పాస్కా కాలంలో ఆమె లోపల చీకటి కమ్మింది. పరలోకం ఉందన్న తలంపే మంచుపొగలో కలిసిపోయింది. ఈ చీకటి చివరిదాకా పూర్తిగా విడిపోలేదు. నమ్మనివారు కూర్చున్న బల్ల దగ్గరే వారితోపాటు తానూ కూర్చున్నానని రాసుకుంది. పలికేవారు లేని మెట్టుమీద నిలబడి పిలవడం ఆమెకు మళ్లీ వచ్చింది.

1897 జూన్‌లో, గడ్డి కోతల కాలంలో, ఆమెను తోటలో చెట్లనీడన కూర్చోబెట్టేవారు. కూర్చోబెట్టిన ఆ చక్రాల కుర్చీ ఆమె తండ్రిది. ఆయన పోయాక మఠానికి వచ్చింది. తండ్రి చితికిపోయి కూర్చున్న ఆ కుర్చీలోనే కూర్చుని, ఒళ్లో నోటు పుస్తకం పెట్టుకుని, చివరి పుటలు రాసింది. గడ్డి ఆరబెడుతున్న కన్యస్త్రీలు దయతో పలకరించడానికి వచ్చి రెండు వాక్యాలు కూడా సాగనివ్వలేదు. ఆ పలకరింపుల సంగతి కూడా నవ్వుతూ రాసేసింది. సెప్టెంబరు 30న చనిపోయింది.

ఆ జూన్ 7వ తేదీన జరిగినది ఒకటి చెప్పి ముగిస్తాను. ఆమె పోలిన్ చేయి ఆనుకుని మెట్లు దిగి తోటలోకి వస్తోంది. చెట్టుకింద తెల్లకోడి ఒకటి పిల్లలన్నిటినీ రెక్కల కింద పొదువుకుని కూర్చుంది. తెరేజ ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు. అక్క ఎందుకని అడిగితే అప్పుడేమీ చెప్పలేకపోయింది. గదికి తిరిగి వచ్చాక చెప్పింది. ప్రభువు తన ప్రేమను మనకు తెలియజెప్పడానికి సువార్తలో ఈ కోడినే ఎంచుకున్నాడని గుర్తొచ్చిందట. పుట్టినప్పటినుంచి తనను ఆయన అలాగే రెక్కల కింద దాచాడట.